12 ఏళ్లు దాటాక డిస్లెక్సియా: సాయం ఎక్కడ ఆగిపోతోంది?

క్లుప్తంగా: తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా బాల్యంతో పోదు. వయసుతో తప్పులు తగ్గుతాయి, చదవడంలో నెమ్మది మిగిలిపోతుంది. మన దేశంలో గుర్తింపు పరీక్షలు, బోధన పద్ధతులు చాలావరకు ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం తయారైనవి. అందుకే ఇంటర్‌లోనో ఉద్యోగంలోనో సమస్య బయటపడినవారికి దారి సులువుగా దొరకదు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు (స్క్రైబ్) పొందడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు తేల్చింది. 40 శాతం షరతు రిజర్వేషన్లకు సంబంధించినది.

1896 నవంబరులో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక కేసు గురించి రాశాడు. కుర్రాడి వయసు 14. తెలివైనవాడు, ఆటల్లో తోటివారికి తీసిపోడు, లెక్కలంటే ఇష్టం. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా అచ్చులో ఉన్న మాట మాత్రం చదవలేకపోతున్నాడు. పాఠాలన్నీ నోటితోనే సాగితే బడిలో ఇతనే అందరికన్నా చురుకైనవాడని ఉపాధ్యాయుడు చెప్పినట్టు మోర్గాన్ నమోదు చేశాడు. పుట్టుకతో వచ్చే పఠన సమస్యపై వైద్య సాహిత్యంలో తొలి వర్ణనగా ఈ కేసునే చెబుతారు.

అలా ఒక టీనేజర్‌తో మొదలైన చర్చ తర్వాతి కాలంలో చిన్నపిల్లల వైపు మళ్లింది. దానికి బలమైన కారణమే ఉంది. ఒకటి, రెండు తరగతుల్లో అందించిన సాయం తర్వాత ఎప్పుడు అందించినదానికన్నా ఎక్కువ ఫలిస్తుంది. అయితే దీన్నుంచి చాలామంది ఒక తప్పు అర్థం తీసుకున్నారు. ఆ వయసు దాటితే చేయగలిగిందేమీ లేదనో, ఈపాటికి తగ్గిపోయి ఉంటుందనో అనుకుంటున్నారు. రెండూ నిజం కాదు. నీట్, బ్యాంకు పరీక్షలు, సివిల్స్‌లో స్క్రైబ్ వివాదాలు కోర్టుల దాకా వెళ్లాక తల్లిదండ్రులకు, అభ్యర్థులకు కొత్త సందేహాలు కూడా వచ్చాయి. ఎవరికి ఏం దక్కుతుంది? ధ్రువపత్రం ఎప్పుడు కావాలి? పదో తరగతి దాటిన పిల్లవాడికి ఇప్పుడు ఏం నేర్పాలి?

మాటలో శబ్దాలు, కాగితం మీద అక్షరాలు

డిస్లెక్సియా కంటిచూపు సమస్య కాదు, తెలివి తక్కువ కావడం కాదు, బద్ధకం అసలే కాదు. చాలామందిలో మూలం మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకునే ప్రక్రియలో ఉంటుంది. చదివేటప్పుడు మెదడు అక్షరాన్ని శబ్దంగా మార్చి, ఆ శబ్దాలను కలిపి మాటగా గుర్తుపట్టాలి. మామూలు పాఠకుడిలో ఈ పని కొన్నేళ్ల సాధనతో తనంతట తానే జరిగిపోయే స్థాయికి చేరుతుంది. డిస్లెక్సియా ఉన్నవారిలో ఆ స్థాయి ఆలస్యంగా వస్తుంది, లేదా పూర్తిగా రాదు. ప్రతి మాటకూ శ్రద్ధ పెట్టాల్సి రావడంతో, అర్థం మీద పెట్టాల్సిన శక్తి అక్షరాల మీదే ఖర్చవుతుంది.

ఇది కుటుంబాల్లో వస్తుంది. బాబుకు పరీక్ష చేయిస్తుండగా, తనకూ చిన్నప్పటి నుంచి ఇదే ఇబ్బంది అని తండ్రికి అప్పుడే తెలియడం నిపుణులకు కొత్త అనుభవం కాదు. 1983లో మొదలై పిల్లలను పెద్దయ్యేదాకా అనుసరించిన అమెరికాలోని కనెక్టికట్ అధ్యయనం, చదవడంలో మొదట ఏర్పడిన అంతరం కౌమారంలోనూ కొనసాగుతుందని చూపింది. అందరి చదువూ ముందుకు సాగుతుంది, మధ్యలో దూరం మాత్రం పూడదు.

ఆ దూరం మరో నష్టం కూడా తెస్తుంది. చదవడం కష్టమైనవాడు తక్కువ చదువుతాడు. తక్కువ చదివితే కొత్త మాటలు, లోకజ్ఞానం తక్కువగా అందుతాయి. అవి లేకపోతే తర్వాతి పాఠం మరింత కష్టమవుతుంది. పరిశోధకుడు కీత్ స్టానోవిచ్ 1986లో ఈ చక్రాన్ని వివరించారు. 16 ఏళ్ల విద్యార్థిలో మనకు కనిపించే వెనుకబాటులో కొంత డిస్లెక్సియా వల్ల, కొంత ఈ చక్రం వల్ల వస్తుంది. రెండో భాగాన్ని ఏ వయసులోనైనా చాలావరకు తగ్గించవచ్చు. పాఠం చెవి ద్వారా అందితే చాలు, పదసంపద ఆగకుండా పెరుగుతుంది.

తెలుగులో దాని రూపం వేరు

డిస్లెక్సియాపై ప్రచారంలో ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో అక్షరానికీ శబ్దానికీ పొంతన తక్కువ. సీ, హెచ్ జంట 'చెయిర్'లో ఒకలా, 'కెమిస్ట్రీ'లో మరోలా, 'మెషీన్'లో ఇంకోలా పలుకుతుంది. అక్కడ డిస్లెక్సియా తప్పుల రూపంలో బయటపడుతుంది. ఇటాలియన్‌ లాంటి భాషలో రాసినట్టే పలుకుతారు. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో డిస్లెక్సియా ఉన్న పెద్దలను పోల్చింది. ఇటాలియన్లు మిగతావారికన్నా తక్కువ తప్పులతో చదివారు. కానీ చదివేటప్పుడు మెదడులో కనిపించిన తేడా మూడు దేశాలవారిలోనూ ఒకటే. లోపం ఒకటైనా లిపిని బట్టి బయటికి కనిపించే రూపం మారుతుందన్నమాట.

పలికినట్టే రాస్తాం కాబట్టి ఈ విషయంలో తెలుగు ఇటాలియన్‌కు దగ్గర. అయితే నేర్చుకోవాల్సిన ఆకారాల సంఖ్యలో చాలా దూరం. ప్రతి హల్లుకూ గుణింతం ఉంది, గుణింతం మీద వత్తులు, ఆపైన సంయుక్తాక్షరాలు. ప-ష-వ, మ-య, ద-ధ, బ-భ లాంటి జంటల మధ్య తేడా ఒక చిన్న గీత. కొన్నిచోట్ల చూపు వెళ్లే క్రమం, శబ్దం వచ్చే క్రమం ఒకటి కావు. 'క్ర'లో ర వత్తు అచ్చులో ఎడమ పక్క నుంచి మొదలవుతుంది, పలికేటప్పుడు మాత్రం క తర్వాత వస్తుంది. 'కై'లో ఐత్వం సగం పైన, సగం కింద ఉంటుంది. మన లిపికి చాలా దగ్గరైన కన్నడపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన, అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి మామూలు పిల్లలకే నాలుగైదు తరగతుల దాకా పడుతుందని చూపింది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలతో ముగిసే పనికి ఇక్కడ ఇన్నేళ్లు పడుతుంది కాబట్టి, వెనుకబడినవాడు వెనుకబడ్డాడని తెలియడమూ ఆలస్యమే.

భాష స్వభావం ఇంకో చిక్కు తెస్తుంది. తెలుగు మాట ప్రత్యయాలను కూర్చుకుంటూ పొడవు పెంచుకుంటుంది. 'నిలిపివేయాల్సివచ్చిందన్నారు' అనేది దినపత్రికలో మామూలు మాట. అనుభవమున్న పాఠకుడికి అది ఒక్క చూపులో అందుతుంది. అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కునే పాఠకుడు చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతాడు. వాక్యం మొత్తం తప్పు లేకుండా చదివి, అందులో ఏముందో చెప్పలేని టీనేజర్ విషయంలో జరిగేది ఇదే. అతనికి అక్షరాలు వచ్చు కాబట్టి లోపం ఉందని ఎవరూ అనుకోరు. చదువు అబ్బలేదని తేల్చేస్తారు.

అందుకే తెలుగువారిలో డిస్లెక్సియాను తప్పుల లెక్కతో వెతకడం సరిపోదు. వేగాన్ని, చదివిన తర్వాత అలసటను, వత్తుల దగ్గర తడబాటును, నోటితో చెప్పిన జవాబుకూ రాసిన జవాబుకూ మధ్య తేడాను చూడాలి. చివరిది ఏ ఉపాధ్యాయుడైనా పరికరం ఏదీ లేకుండా గమనించగలిగేది, ఎంతో విలువైనది.

ఇంటర్‌లో ఎందుకు బయటపడుతుంది

పదో తరగతి దాకా తెలివైన పిల్లలు జ్ఞాపకశక్తితో నెట్టుకొస్తారు. పాఠం విని గుర్తుపెట్టుకోవడం, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టడం, పక్కవాడి నోట్సు, అమ్మ చదివి వినిపించడం వాళ్ల ఆధారాలు. ఇంటర్‌లో ఈ ఆధారాలు ఒకేసారి పోతాయి. పాఠ్యభాగం కొన్ని రెట్లు పెరుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు చాలామంది ఇంగ్లిష్‌కు మారతారు. బైపీసీలో లాటిన్, గ్రీకు మూలాల మాటలు వందలుగా ఎదురవుతాయి. ప్రవేశ పరీక్షల్లో ఒక్కో ప్రశ్నకు దొరికేది నిమిషానికి అటూఇటూ. ఓఎంఆర్ పత్రంలో ఒక వరుస తప్పితే కిందివన్నీ తప్పుతాయి. విషయం తెలిసినా మార్కు రాదు.

ఇంట్లో, కాలేజీలో దీన్ని శ్రద్ధ లేకపోవడంగానే చూస్తారు. కొన్నేళ్లు అలాంటి మాటలు విన్న పిల్లవాడు గట్టిగా చదవమంటే తప్పించుకోవడం, తరగతి ఎగ్గొట్టడం, కోపం చూపడం నేర్చుకుంటాడు. టీనేజర్లకు సాయం చేయడంలో మొదటి కష్టం ఇదే: సాయం అంటేనే మళ్లీ అవమానం జరుగుతుందని వాళ్ల అనుభవం చెబుతుంది. అందువల్ల సమస్యకు పేరు ఉందని, తెలివికి దానితో సంబంధం లేదని నేరుగా విద్యార్థికే వివరించడం చికిత్సలో భాగం. తల్లిదండ్రులకు చెప్పి ఊరుకుంటే చాలదు.

గుర్తింపు: పిల్లల కొలతతో పెద్దల పరీక్ష

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, వాటిలో డిస్లెక్సియా, ఈ చట్టంతోనే జాబితాలోకి వచ్చాయి. 1995 చట్టంలో ఇవి లేవు. 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్లకు ధ్రువీకరణ, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష. 18 ఏళ్లకు ఇచ్చిన పత్రం జీవితాంతం చెల్లుతుంది. 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలను సవరించింది కాబట్టి, ఇప్పుడు దరఖాస్తు చేసేవారు తాజా ప్రతినే చూడాలి.

2018 ప్రక్రియ రెండు చోట్ల పెద్దవారికి అడ్డుపడింది. అందులో పేర్కొన్న పరీక్ష బెంగళూరులోని నిమ్హాన్స్ రూపొందించినది. దాని స్థాయిలు 5 నుంచి 7, 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఉద్దేశించినవి. 20 ఏళ్ల యువతి ఆ పరీక్షలో గట్టెక్కవచ్చు. దాని అర్థం ఆమెకు ఇబ్బంది లేదని కాదు, ఏడో తరగతి స్థాయి చదవగలుగుతోందని మాత్రమే. రెండోది, ముందు ఐక్యూ 85 దాటితేనే అభ్యసన పరీక్షకు వెళ్లాలన్న నియమం. పైన చెప్పిన చక్రం వల్ల పదేళ్లు తక్కువ చదివిన విద్యార్థికి పదసంపద మీద ఆధారపడే ప్రశ్నల్లో మార్కులు తగ్గుతాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి తన వర్గీకరణలో ఐక్యూకూ చదువుకూ మధ్య అంతరం ఉండాలన్న పాత షరతును వదిలేసింది. మన ప్రక్రియ చాలాకాలం ఐక్యూ గడప దగ్గరే నిలబడింది.

భాష కూడా సమస్యే. భారతీయ భాషల కోసం మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన 'డాలీ' అనే డిస్లెక్సియా గుర్తింపు సాధనం మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థిని ఇంగ్లిష్ పరీక్షతో కొలిస్తే తేలేది భాష రాకపోవడమా, డిస్లెక్సియానా అని వేరు చేయడం కష్టం.

తెలుగు రాష్ట్రాల్లో ధ్రువీకరణ అనగానే సదరం గుర్తొస్తుంది. కేంద్ర స్థాయిలో దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఉంది. పరీక్ష నోటిఫికేషన్ వచ్చాక పరుగులు తీస్తే పని కాదు. తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టడం మేలు. బడిలో ఉపాధ్యాయులు రాసిన పరిశీలనలు, పాత జవాబుపత్రాలు, నోట్‌పుస్తకాలు దాచి ఉంచితే నిపుణుడి పని తేలికవుతుంది. పెద్దల విషయంలో అవే బాల్యానికి సాక్ష్యం.

40 శాతం దేనికి, దేనికి కాదు

అత్యంత గందరగోళం ఇక్కడే ఉంది. చట్టంలో వైకల్యం ఉన్నవారు, 40 శాతం లేదా అంతకు మించి ఉన్నవారు అని రెండు వర్గాలున్నాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం పోస్టులు రెండో వర్గానికే. ఉద్యోగాల్లో అభ్యసన వైకల్యాలు, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి దక్కేది ఆ నాలుగులో ఒక శాతం.

పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ వేరే సంగతి. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే సివిల్స్ అభ్యర్థి వేసిన కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టరాదని చెప్పింది. దాని ఫలితంగా 2022 ఆగస్టులో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో బ్యాంకు పరీక్షల అభ్యర్థి కేసులోనూ కోర్టు ఇదే వైఖరిని బలపరిచింది. అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే 33 శాతం. ఇంగ్లండులో సాధారణంగా ఇచ్చే 25 శాతంతో పోలిస్తే మన నియమం ఉదారమైనదే.

హక్కు కాగితం మీద ఉన్నా పరీక్ష కేంద్రంలో అందకపోవచ్చు. 2021 నవంబరులో తీర్పు వచ్చిన నీట్ కేసులో డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం) ఉన్న విద్యార్థిని దగ్గర 40 శాతం ధ్రువపత్రం ఉంది. అయినా పరీక్ష కేంద్రంలో ఆమెకు రావాల్సిన గంట ఇవ్వలేదు. అన్యాయం జరిగిందని కోర్టు స్పష్టంగా చెప్పింది, కానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. సరిదిద్దే మార్గం చూడమని పరీక్ష సంస్థను ఆదేశించింది. పోయిన గంట తిరిగి రాలేదు. కాబట్టి అనుమతి పత్రం రాతపూర్వకంగా తీసుకుని, పరీక్షకు ముందే కేంద్రం సూపరింటెండెంట్‌ను కలవడం తప్పనిసరి జాగ్రత్త.

స్క్రైబ్ అందరికీ మేలు చేస్తాడని కూడా అనుకోకూడదు. చెప్పి రాయించడం వేరే నైపుణ్యం. సాధన లేకుండా పరీక్ష రోజే మొదలుపెడితే జవాబు చెదిరిపోతుంది. చదవడం నెమ్మదే గానీ రాయగలిగిన విద్యార్థికి సమయమే ఎక్కువ ఉపయోగం. ఒకే తడవ అన్ని పేపర్లూ రాయలేనివారికి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ మరో దారి. అక్కడ నమోదైన విద్యార్థికి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రాష్ట్ర ఓపెన్ స్కూళ్లూ ఉన్నాయి.

ఇప్పుడు ఏం నేర్పాలి

టీనేజర్‌కు మళ్లీ అ-ఆల పుస్తకం ఇస్తే పుస్తకంతో పాటు సాయమూ తిరస్కరిస్తాడు. ముందు ఖాళీలు ఎక్కడున్నాయో చూడాలి. చాలామందికి వర్ణమాల, గుణింతం బాగానే ఉంటాయి. ఇబ్బంది సంయుక్తాక్షరాల్లో, మహాప్రాణాల్లో ఉంటుంది. ఆ కొన్నిటినే క్రమపద్ధతిలో, శబ్దాన్ని పలుకుతూ, రాస్తూ గట్టిపరచాలి.

తర్వాత పని మాట నిర్మాణం మీద. పొడవైన మాటను అక్షరాలుగా కాకుండా అర్థమున్న ముక్కలుగా విడగొట్టడం పెద్ద విద్యార్థులకు బాగా పనికొస్తుంది: నిలిపి, వేయాల్సి, వచ్చింది, అన్నారు. నాలుగూ అతనికి మాట్లాడేటప్పుడు తెలిసినవే. ఇంగ్లిష్‌లోనూ అంతే. 'ఫోటో', 'గ్రాఫ్', 'బయో', 'సింథసిస్' లాంటి ముక్కలు పట్టుబడితే బైపీసీ పుస్తకంలో వందల మాటలు తెరుచుకుంటాయి. తెలుగు వ్యాకరణ పాఠంలో సంధి, సమాసం పేరుతో మార్కుల కోసం చేసే పని నిజానికి చదవడానికే గొప్ప పనిముట్టు. దాన్ని అలా ఎవరూ వాడటం లేదు. ఒకే పేరాను కొన్నిసార్లు గట్టిగా చదివి వేగం పెంచుకోవడం, చదివే ముందే పాఠం సారాంశం వినడం కూడా ఉపయోగపడతాయి. పెద్ద వయసులో మొదలుపెట్టిన బోధనకు ఫలితం నెమ్మదిగా వస్తుందని ముందే చెప్పాలి. నెల రోజుల్లో నయం చేస్తామనేవారికి దూరంగా ఉండటం మంచిది.

రంగు అద్దాలు, రంగు ప్లాస్టిక్ షీట్లు, ప్రత్యేక ఫాంట్లు డబ్బు ఖర్చుకు తగిన ఆధారం చూపలేకపోయాయి. అక్షరాల మధ్య దూరం పెంచడం మాత్రం ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లలకు సాయపడిందని 2012 నాటి పరిశోధన చూపింది. వత్తులు కిక్కిరిసి ఉండే తెలుగు పేజీలో వరుసల మధ్య కూడా ఖాళీ పెంచి చూడటం ఖర్చు లేని పని.

ఫోన్ సాయం చేస్తుంది, పీడీఎఫ్ అడ్డుపడుతుంది

2017 నుంచి గూగుల్‌లో తెలుగులో మాట్లాడి టైపు చేయవచ్చు. రాసినదాన్ని ఫోన్ చదివి వినిపిస్తుంది. రాతలో చిక్కుకున్న పెద్దవారికి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ మన భాషకు ప్రత్యేకమైన అడ్డంకి ఒకటి ఉంది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కట్టిన తెలుగు పీడీఎఫ్ కంటికి తెలుగులా కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థం లేని గుర్తులు. చదివే యాప్ దానిముందు మూగబోతుంది. పాఠ్యపుస్తకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, దరఖాస్తులు యంత్రం చదవగలిగే యూనికోడ్‌లో ఉంటే డిస్లెక్సియా ఉన్నవారికీ చూపు లేనివారికీ ఒకేసారి మేలు జరుగుతుంది.

చట్టం అనుమతిస్తోంది కూడా. వైకల్యం ఉన్నవారికి అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి 2012 నాటి కాపీరైట్ సవరణ వీలు కల్పించింది. ఇదే ఉద్దేశంతో వచ్చిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం భారత్. ఆ ఒప్పందం అచ్చు చదవడానికి అడ్డొచ్చే పఠన వైకల్యాలనూ కలుపుకుంటుంది. ఈ హక్కు చూపు లేనివారిదే అన్న భావన వల్ల డిస్లెక్సియా ఉన్న విద్యార్థులు దాన్ని అడగడం అరుదు.

ఉద్యోగంలో, అక్షరాస్యత కేంద్రంలో

పనిచోట ఇబ్బంది ఈమెయిల్, నివేదిక, ఫారం రూపంలో వస్తుంది. బాగా పనిచేసే వ్యక్తి పదోన్నతి వద్దంటాడు, కారణం ఆ పదవిలో రాతపని ఎక్కువ కావడం. ప్రభుత్వ సంస్థలు సముచిత సర్దుబాటు కల్పించాలని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. సమావేశం కాగితాలు ముందురోజే ఇవ్వడం, సూచనలు నోటితో కూడా చెప్పడం, తరచూ రాసే ఉత్తరాలకు నమూనాలు ఇవ్వడం, పంపేముందు ఒకరు సరిచూడటం లాంటివాటికి దాదాపు ఖర్చే లేదు. ప్రైవేటు ఉద్యోగి పేరు చెబితే చులకన అవుతానని భయపడితే, రోగనిర్ధారణ చెప్పకుండానే వీటిలో చాలావాటిని అడగవచ్చు.

అందరికన్నా కనిపించనివారు బడి మధ్యలో మానేసిన పెద్దలు. 15 ఏళ్లు దాటినవారి కోసం కేంద్రం 2022 నుంచి నడుపుతున్న 'ఉల్లాస్' కార్యక్రమంలో స్వచ్ఛంద బోధకులే చదువు చెబుతారు. వయోజన విద్యలో దివ్యాంగులకు సమాన భాగస్వామ్యం ఉండాలని చట్టంలోని 18వ సెక్షన్ కోరుతోంది. చదువు అసలు అందనివారు, అందినా డిస్లెక్సియా వల్ల పట్టుబడనివారు ఆ తరగతిలో పక్కపక్కనే కూర్చుంటారు. మొదటివారు క్రమంగా వస్తే కొన్ని నెలల్లో ముందుకు సాగుతారు. రెండోవారు అంతే క్రమంగా వచ్చి, మాటల్లో చురుగ్గా ఉండి, అక్షరాలు విడివిడిగా చెప్పగలిగి, మాటగా కలపలేక ఆగిపోతారు. చిన్నప్పుడు బడికి వెళ్లినా చదువు రాలేదని, ఇంట్లో ఇంకొకరికీ ఇంతేనని అడిగితే చెబుతారు. బోధకుల శిక్షణలో ఈ గుర్తులు చేర్చి, అలాంటివారికి ఫోన్ ద్వారా వినే పాఠం, నెమ్మదిగా సాగే బృందం, మరికొంత గడువు ఇస్తే, మధ్యలో రావడం మానేసేవారిలో కొందరైనా నిలబడతారు.